పెదవికి తగిలే మన్ను



నీళ్లు ఒకటే అయినా, ఏ పాత్రతో తాగామన్నదాన్ని బట్టి దాహం తీరే తీరు మారుతుంది. కర్నూలు, కడప ప్రాంతాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఏడాది పొడుగునా పడే వానంతా కలిపినా 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే నేల మనది. మే నెలలో నంద్యాలలోనైనా, కడపలోనైనా ఎండ 42 డిగ్రీలు దాటడం వింత కాదు. అట్లాంటి మధ్యాహ్నం కడవలో ముంచుకుని మట్టి ముంతతో తాగిన నీళ్ల చల్లదనం గొంతు దిగి కడుపులో చేరేదాకా తెలుస్తూనే ఉంటుంది.

కడవ గురించి, కుండ గురించి మనవాళ్లు ఇదివరకే చాలా చెప్పారు. ఇవాళ నేను చెప్పదలచింది ఆ కడవ పక్కన బోర్లించి ఉండే చిన్న పాత్ర గురించి. చేత్తో చేసిన మట్టి కప్పు. ముంత అనండి, పిడత అనండి. దాన్ని చేయడంలో ఒక ఆనందం ఉంది, దానితో తాగడంలో మరొకటి ఉంది. ఆ రెండూ మన ఎండకూ, మన మన్నుకూ ఎంతగా ముడిపడి ఉన్నాయో చెప్పాలని నా కోరిక.

బనగానపల్లె దగ్గర పాతపాడు అనే ఊరుంది. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో దక్షిణ దేశమంతా తిరిగి రాతి పనిముట్లు, పెంకులు ఏరినప్పుడు ఈ ఊరి పెంకులు కూడా ఏరాడు. ఆయన పోగుచేసిన వస్తువులను 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. తర్వాత వచ్చిన పురావస్తు పండితులు ఆ రకం రంగుగీతల పాత్రలకు పాతపాడు పేరే పెట్టారు. ఎర్రని ఒంటి మీద ముదురు రంగు గీతలు. వాటిలో పొడుగాటి కాలువలాంటి మూతి ఉన్న గిన్నెలు ఉన్నాయి. మూడు వేల ఏళ్లకు పైబడిన మాట ఇది. ఆ మూతి ఎందుకు పెట్టారో నేను ప్రమాణం చేసి చెప్పను. ఒక్కటి మాత్రం నమ్ముతాను. గిన్నెలో ఉన్నది ఒలికిపోకుండా, నెమ్మదిగా, ఒక ధారగా నోటికో మరో పాత్రకో అందాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. తాగడంలోని సుఖాన్ని గురించి మన నేల మీద జరిగిన తొలి ఆలోచనల్లో అది ఒకటి.

ఆ తర్వాత ఇనుము వాడకం వచ్చింది. పెద్ద పెద్ద బండలు నిలిపిన సమాధులు వచ్చాయి. ఆ సమాధుల్లో లోపల నలుపు, వెలుపల ఎరుపు ఉన్న పాత్రలు దొరుకుతాయి. మన రెండు ప్రాంతాల్లోనూ అట్లాంటి చోట్లు ఉన్నాయి. పోయినవాళ్ల పక్కన గిన్నెలూ కుండలూ పెట్టి పంపారంటే, అక్కడా వాళ్లకు ఆకలి దప్పులు ఉంటాయనే కదా.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే మనకు మొల్ల ఉంది. రామాయణం రాసిన ఆ కవయిత్రిని లోకం కుమ్మర మొల్ల అనే పిలుచుకుంటుంది. ఆమె ఊరు గోపవరం. అది నెల్లూరు సీమలోదని కొందరంటారు కానీ, బద్వేలు దగ్గరి గోపవరమేనని కడపవాళ్ల నమ్మకం. తనకు పెద్ద చదువులు లేవని, గోపవరపు శ్రీకంఠ మల్లేశుడి దయ వల్ల కవిత్వం అబ్బిందని ఆమె తనే చెప్పుకుంది. మన్ను తొక్కే ఇంటి నుంచి వచ్చిన మాట అంత తేటగా ఉండటం నాకు ఆశ్చర్యంగా తోచదు. సారె దగ్గర కాసేపు కూర్చున్నవాళ్లకెవరికీ తోచదు.

ఇక మన్ను సంగతి. కప్పు చేయడంలో సగం పని సారె ఎక్కకముందే అయిపోతుంది. మన దగ్గర నల్లరేగడికి కొదవ లేదు. కానీ ఒట్టి నల్లరేగడితో కప్పు నిలవదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చేలల్లో మనం చూసే నెర్రెలే కప్పులోనూ పడతాయి. ఒట్టి ఎర్రమన్ను అయితే వేలికి సాగదు. అందుకని కుమ్మరి చెరువు వైపు చూస్తాడు. వానలకు చేలల మీంచి కొట్టుకొచ్చిన మెత్తని ఒండ్రు చెరువు అడుగున పేరుకుంటుంది. చెరువు ఎండినప్పుడు దాన్ని తవ్వి తెచ్చుకుంటారు. దానికి ఎంత ఎర్రమన్ను, ఎంత సన్న ఇసుక కలపాలన్నది ఊరు ఊరికీ మారుతుంది. అది ఏ కాగితం మీదా ఉండదు, చేతిలో ఉంటుంది.

చెరువు అన్నాను కాబట్టి పోరుమామిళ్ల చెరువును తలచుకోవాలి. 1369 నాటి శాసనం ఉన్న చెరువు అది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు ఆ శాసనంలో చెక్కారు. ఇట్లాంటి చెరువులు రాయలసీమ అంతటా ఉండబట్టే రైతు బతికాడు, రైతుతో పాటు కుమ్మరి బతికాడు. కుమ్మరి ఏటా కొంత పూడిక ఎత్తుకుపోతుంటే చెరువుకూ మేలే జరిగేది. ఇవాళ చాలా చెరువులకు నీళ్లు రావు, కొన్నింటిలో ఇళ్లు లేచాయి. మన్ను దొరక్కపోవడమే ఈ పనికి వచ్చిన మొదటి కష్టం. ప్లాస్టిక్ ఆ తర్వాతిది. ఈ సంగతి ఎక్కువమందికి తెలియదు.

మన మన్నులో ఇంకో చిక్కుంది. ఇది నాపరాయి నేల. బేతంచెర్ల నుంచి ఎర్రగుంట్ల దాకా భూమిలో సున్నపురాయే. మన్నులో కందిగింజంత సున్నపు గడ్డ మిగిలినా అది ఆవంలో కాలి సున్నమవుతుంది. కప్పు బయటికి వచ్చినప్పుడు బాగానే ఉంటుంది. గాలిలో తేమ తగిలాక ఆ సున్నం ఉబ్బి, కప్పు మీద పెచ్చు ఎగిరిపోతుంది. కడవ మీద పెచ్చు లేచినా వాడుకోవచ్చు. పెదవికి తగిలే అంచు మీద లేస్తే ఆ కప్పు పనికిరాదు. అందుకే కప్పుల మన్నును నీళ్లలో నానబెట్టి, పలచగా కలిపి, గుడ్డలో వడగడతారు. పైన తేరిన నీళ్లు వంచేసి, అడుగున మిగిలిన మెత్తని మన్నును నీడన ఆరబెట్టి, కాళ్లతో తొక్కి, చేతులతో పిసుకుతారు. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లది. సారె మీద మగవాడి చెయ్యి కనిపిస్తుంది గానీ, ఆ చేతికి అందిన ముద్ద వెనక ఇంట్లో ఆడవాళ్ల నడుము నొప్పులున్నాయి.

సారె మీద పెద్ద ముద్ద పెట్టి, దాన్ని నడిమధ్యకు తెస్తారు. ఇదే అన్నిటికంటే కష్టమైన పని. ముద్ద వెంట్రుకవాసి పక్కకున్నా చెయ్యి ఊగుతుంది. అది నడుమకు కుదిరిన క్షణాన చేతి కింద కదలిక ఆగిపోతుంది. సారె గిర్రున తిరుగుతూనే ఉంటుంది, అరచేతికి మాత్రం నిలకడ తెలుస్తుంది. ఆ నిలకడ దొరికిన మనిషికి ఇంకో గంట సారె వదలబుద్ధి కాదు. ఈ మాట నేను అనుభవంతో చెబుతున్నాను. బొటనవేలు మధ్యలో దించితే గుంట, వేళ్లు పైకి లాగితే గోడ. పై కొసన ఒక కప్పు చేసి, నూలుదారంతో కోసి పక్కన పెట్టి, అదే ముద్ద మీద ఇంకో కప్పు. నాకు పని చూపించిన పెద్దాయన ఎక్కువ మాట్లాడేవాడు కాదు. అంచు దగ్గర నా వేలు బిగుసుకున్నప్పుడు మాత్రం అనేవాడు: "నాయనా, అదిమేది కాదు అది. నువ్వు తాగేటప్పుడు నోటికి ఎట్ల ఉండల్లనో అట్ల ముట్టుకో, చాలు."

కప్పు చేయడానికీ, తక్కిన పాత్రలు చేయడానికీ తేడా ఆ మాటలో ఉంది. చట్టి చేసేవాడు పొయ్యిని తలచుకుంటాడు, ప్రమిద చేసేవాడు వత్తిని తలచుకుంటాడు. కప్పు చేసేవాడు మనిషి నోటిని తలచుకోవాలి. అంచు మరీ పలచనైతే పెదవి కోసుకున్నట్టు ఉంటుంది, చిన్న తాకిడికే పగులుతుంది. మందమైతే టీ గడ్డం మీద కారుతుంది. అడుగు బరువెక్కితే ఎత్తిన చెయ్యి విసుగుతుంది. తడిగుడ్డ ముక్కను అంచు మీద పట్టుకుని సారెను ఒక్క చుట్టు తిప్పడంలో ఈ లెక్కలన్నీ తేలాలి. ఇంకో లెక్క కూడా ఉంది. మన్ను ఎండేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. ప్రతి వైపూ పదో వంతు తగ్గితే, కప్పులో పట్టేది నాలుగో వంతుకు పైగా తగ్గుతుంది. ఇవాళ సారె మీద కనిపించే కప్పు రేపు చేతికి వచ్చే కప్పు కాదు. అందుకే చేసేవాడు పెద్ద కప్పు చేస్తూ చిన్న కప్పును చూస్తుంటాడు.

తర్వాత ఆరబెట్టాలి. కోస్తాలో తేమ ఎక్కువ, ఆరడానికి రోజులు పడతాయి. మనకు అందుకు ఎదురు. వడగాలి ఒక గంట తగిలితే అంచు ఎండిపోతుంది, అడుగు పచ్చిగానే ఉంటుంది. పైన బిగిసి, కింద బిగియక, అడుగు చీలిపోతుంది. అందుకని తలుపులు మూసి, తడి గోనెలు కప్పి, నీడన నెమ్మదిగా ఆరనిస్తారు. ఎండకు కాగిన ఊళ్లో ఎండను బయటికి నెట్టి చేసే పని ఇది. సగం ఆరాక జాజు పూసి, ఏటి నుంచి తెచ్చిన నున్నని గులకరాయితో రుద్దుతారు. కుందూలోనో పెన్నలోనో నీళ్లు వందల ఏళ్లు నునుపు చేసిన రాయి తన నునుపును కప్పుకు ఇస్తుంది. ఆ మెరుపుకు వేరే పూత ఏదీ అక్కర్లేదు.

ఆవం వేసే రోజు ఇంటిల్లిపాదీ పనిలో ఉంటారు. కంప, పిడకలు, కంది కట్టె, పత్తి కట్టె, శనక్కాయ పొట్టు, ఏది దొరికితే అది. పాత్రల మధ్య, పైనా కట్టెలు పేర్చి, వరిగడ్డి కప్పి, పైన బురద మెత్తుతారు. మొదట మంట చిన్నగా ఉండాలి. పైకి ఎండినట్టు కనిపించే మన్నులోనూ తడి మిగిలే ఉంటుంది. అది ఒక్కసారిగా ఆవిరైతే కప్పు పగులుతుంది. వేడి 500 డిగ్రీలు దాటేటప్పటికి మన్నులో కలిసిపోయిన నీరు కూడా వెళ్లిపోతుంది. అక్కడి నుంచి అది మళ్లీ బురదగా మారదు. 700, 800 డిగ్రీల దాకా కాలితే మన వాడకానికి చాలు. గాలి బాగా ఆడితే ఎరుపు వస్తుంది, గాలి ఆడనివ్వక పొగలో ఉంచితే నలుపు వస్తుంది. ఒకే మన్ను, ఒకే ఆవం. ఆ పాత సమాధుల్లోని ఎరుపు నలుపుల రహస్యం ఈ పొగలోనే ఉంది.

ఇంత తక్కువ వేడిలో కాలడం వల్లే మన ముంత పూర్తిగా బిగుసుకోదు. ఒంట్లో సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే 580 కాలరీల దాకా వేడి కావాలి. ఆ వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. లీటరు నీళ్లలో 10 గ్రాములు ఆవిరైతే, బయటి వేడి చొరబడకపోతే, మిగిలినవి 5 డిగ్రీలకు పైగా చల్లబడాలి. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ పని అంత చురుగ్గా సాగుతుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతలో మట్టి పాత్ర ఇంత చల్లదనం ఇవ్వలేదు. మన గాలిలో తడి లేకపోవడం మనకు శాపమని అనుకుంటాం. ముంత విషయంలో అదే వరం.

టీ పోస్తే ఇంకో సుఖం. మన్ను వేడిని త్వరగా బయటికి పోనివ్వదు. స్టీలు గ్లాసును కొంగుతోనో తువ్వాలుతోనో పట్టుకోవాలి. మట్టి కప్పును అరచేతుల మధ్య పెట్టుకోవచ్చు. పొగలు కక్కే టీ లోపల, గోరువెచ్చని గోడ చేతిలో. ఇక వాసన. కాలిన మన్నుకు తడి తగిలినప్పుడు లేచే ఆ వాసన తొలకరి వాసనకు చుట్టమే. ఎండిన నేల మీద చినుకు పడినప్పుడు ఆ వాసన ఎందుకొస్తుందో ఆస్ట్రేలియాలో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వెదికి, 1964లో ప్రకటించారు. పొడి కాలమంతా గాలిలోని, మొక్కల్లోని నూనెల్లాంటి పదార్థాలను మన్ను పీల్చుకుని దాచుకుంటుందని, తడి తగలగానే విడిచిపెడుతుందని తేల్చారు. ఉత్తరప్రదేశ్‌లోని కనౌజ్‌లో ఈ సంగతి అత్తరువాళ్లకు అంతకుముందు నుంచే తెలుసు. వాళ్లు కాల్చిన మట్టి బిళ్లలను బట్టీ పెట్టి, ఆ వాసనను గంధపు నూనెలోకి దించి అమ్ముతారు. జూన్ దాటినా మబ్బు జాడ లేని ఏడాది ఆదోని వైపు రైతుకు ఆ వాసన విలువ ఎంతో నేను చెప్పలేను.

మట్టి కప్పులో టీ తాగడం నిజానికి మన సీమ అలవాటు కాదు. అది బెంగాల్, బీహార్, ఉత్తరప్రదేశ్ వైపు నుంచి వచ్చింది. మనకు టీ వచ్చిందే గాజు గ్లాసుతో. మనకున్నది మజ్జిగ ముంత, కల్లు ముంత, అంబలి చట్టి, పెరుగు తోడేసే పిడత. పెళ్లి వస్తే కుమ్మరింటి నుంచి మేళతాళాలతో తెచ్చే అరివేణి కుండలు. ఇప్పుడు కర్నూలులో, కడపలో రోడ్డు పక్క వెలసిన తందూరి చాయ్ కొట్లు ఆ ఉత్తరాది కప్పును మనకు తెచ్చిపెట్టాయి. రానివ్వండి, మంచిదే. ఆ కప్పులో సుగంధి షర్బత్ పోసి చూడండి, వేసవిలో అంతకంటే మంచి తాగుడు లేదు.

తియ్యని మాటలే చెప్పి ఊరుకుంటే మట్టి పాత్ర కథ పూర్తి కాదు. ఒకసారి తాగి పారేసే మట్టి పాత్ర వెనక మడి ఉంది, మైల ఉంది. ఒకరి నోరు తగిలినది ఇంకొకరు తాకరాదనే పట్టింపు ఉంది. మన టీ కొట్లలోనే దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజులున్నాయి. అంటరానితనం మీద విచారణ జరిపిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో ఇచ్చిన నివేదికలోకి ఆ రెండు గ్లాసుల పద్ధతి ఎక్కింది. అందుకే నేను ముంతను మెచ్చుకునేటప్పుడు ఒకటి గట్టిగా కోరతాను. ఇంట్లో అందరికీ, ఇంటికి వచ్చిన అందరికీ, పొలంలో పని చేసినవాళ్లకూ ఒకే రకం కప్పు పెట్టండి. అది కడిగి మళ్లీ వాడే కప్పై ఉండాలి.

పారేసే కప్పు కుమ్మరికి కూడా మేలు చేయలేదు. రైల్వే మంత్రిగా లాలూ ప్రసాద్ 2004లో స్టేషన్లలో మట్టి కప్పులు పెట్టించారు. 2020లో పీయూష్ గోయల్ మళ్లీ అదే మాట చెప్పారు. 2022 జూలై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులను దేశమంతటా నిషేధించారు. కొట్లవాళ్లు కాగితం కప్పులకు మళ్లారు. ఆ కాగితానికీ లోపల సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. వేడి టీ 15 నిమిషాలు ఉంటే 100 మిల్లీలీటర్లలోకి 25,000 దాకా సూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలు దిగుతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో చెప్పారు. ఇన్ని జరిగినా మట్టి కప్పు నిలదొక్కుకోలేదు. ఎందుకంటే దాన్ని కాగితం కప్పుతో ధరలో పోటీ పడమంటున్నాం. వడగట్టిన మన్ను, నీడన ఆరిన రోజులు, రాత్రంతా కాచిన ఆవం, ఇవన్నీ కలిసి ఒక్క టీ తాగి విసిరేసే వస్తువు ధరకు రావు. వచ్చినా ఆ ధరకు మంచి అంచు తీర్చే తీరిక కుమ్మరికి ఉండదు. గరుకు కప్పులే వస్తాయి. అవి తాగినవాళ్లు మట్టి కప్పు అంటే ఇంతే అనుకుంటారు.

జపాన్‌లో క్యోటోలోని దైతోకుజి మఠంలో ఒక టీ గిన్నె ఉంది. కిజాయెమోన్ అని దాని పేరు. కొరియాలో పేరు తెలియని కుమ్మరి ఒకడు మామూలు జనం వాడకానికి చేసిన గిన్నె అని చెబుతారు. ఇవాళ అది జపాన్ జాతీయ సంపద. అంత గౌరవం మనం ఇవ్వనక్కర్లేదు. దాచుకుని, కడుక్కుని, పిల్లలకు ఇది ఎవరు చేశారో చెప్పి వాడుకుంటే చాలు.

వాడే పద్ధతి సులువు. కొత్త కప్పును ఒక రాత్రి నీళ్లలో నాననివ్వండి, లేకపోతే మొదటి టీ సగం అదే తాగేస్తుంది. సబ్బు పెట్టకండి, ఆ రంధ్రాల్లో సబ్బు దిగుతుంది. వేడి నీళ్లు, కొంచెం ఉప్పు, తర్వాత ఎండ. ఎండ మనకు కావలసినంత ఉంది. పాలు, పెరుగు వాడే పిడతను దానికే ఉంచండి. రంగులు పూసి మెరిపించిన కప్పులను అలంకారానికి పెట్టుకోండి, తాగడానికి వద్దు. కొన్ని పూతల్లో సీసం ఉంటుంది.

శ్రోతలారా, మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో సారె తిరిగే ఇల్లు ఒకటి ఇంకా ఉండే ఉంటుంది. ఎండలు ముదరకముందే, మాఘ మాసంలోనే వెళ్లండి. మీ పిల్లలను వెంట తీసుకెళ్లి, ఆ ఇంటివాళ్లు ఒప్పుకుంటే వాళ్ల చేతులు కాసేపు ఆ మన్నులో పెట్టనివ్వండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కప్పులు, చుట్టాలకు ఇంకొన్ని, ముందుగా చెప్పి చేయించుకోండి. అంచు నున్నగా తీర్చమని అడగండి. వాళ్లు చెప్పిన ధర బేరమాడకుండా ఇవ్వండి. ఆవం వేసేముందు చెబితేనే ఆ విడతలో మీ కప్పులు కాలుతాయి.